లడ్డూ బెల్టు ఎవరి చేతికివ్వాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్ నల్లగండ్లలో అపార్ట్‌మెంట్. మా లడ్డూ మూడేళ్ల ఇండీ, అంటే మన దేశవాళీ కుక్క, చిన్న కూనగా ఉన్నప్పుడు రోడ్డు మీద దొరికితే తెచ్చుకున్నాం. బైకులన్నా, పెద్ద చప్పుళ్లన్నా వాడికి వణుకు. ఇన్నాళ్లూ ఇంటి నుంచే పని కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇప్పుడు నేనూ మావారూ వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి వెళ్లాల్సి వస్తోంది. అత్తగారు ఇంట్లోనే ఉంటారు కానీ మోకాళ్ల నొప్పులు, బెల్టు పట్టుకోలేరు. లడ్డూని తిప్పడానికి తెలిసిన కుర్రాడిని పెట్టాం. అతను లడ్డూని టీ కొట్టు దగ్గర స్తంభానికి కట్టేసి గంటసేపు ఫోన్ చూసుకుంటున్నాడని పక్క బ్లాక్ ఆవిడ చెప్పేదాకా మాకు తెలియలేదు. ఇప్పుడు ముగ్గురు కనిపిస్తున్నారు. ఒకతను ఒకేసారి నాలుగైదు కుక్కల్ని తిప్పుతాడు, అందరికంటే తక్కువ అడుగుతున్నాడు. ఒక యాప్ వాళ్లున్నారు, ఫోటోలూ మ్యాపూ పంపుతారట. మూడో మనిషి మా కాంప్లెక్స్‌లోనే ఉండే ఇంజినీరింగ్ అమ్మాయి, కుక్కలంటే ప్రాణం అంటుంది కానీ ఈ పని ఎప్పుడూ చేయలేదు. ఎవరిని నమ్మాలి? అత్తగారు మా ఆడపడుచు దగ్గరికి వెళ్లినప్పుడు ఇంటి తాళం ఇవ్వొచ్చా?

సమాధానం: ముందు ఆ టీ కొట్టు సంగతి తేల్చుకుందాం. ఆ కుర్రాడు కట్టేయడం తప్పే, అందులో మాటే లేదు. కానీ మీకు అసలు బాధ కలిగించింది అది పక్క బ్లాక్ ఆవిడ నోట వినాల్సి రావడం, అవునా? లడ్డూ ఇంటికొచ్చి చెప్పలేడు. బయట ఆ గంటలో ఏం జరిగిందో చెప్పగలిగింది ఒక్క మనిషే. ఆ మనిషి చెప్పకపోతే మీకు తెలిసే దారి లేదు. అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే: కుక్కలంటే ప్రేమ ఉందా లేదా అన్నది తర్వాత, ఏదైనా అయినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషా కాదా అన్నది ముందు. ఎంత జాగ్రత్తపరుడైనా ఏదో ఒకరోజు బెల్టు జారుతుంది, బిర్యానీ సెంటర్ పక్కన పడేసిన కోడి ఎముక కుక్క నోట్లోకి వెళ్తుంది, వీధికుక్క మీదపడుతుంది. అది జరిగిన నిమిషంలో మీకు ఫోన్ చేసేవాళ్లు కావాలి మీకు.

కాబట్టి మాట్లాడేటప్పుడు "కుక్కలంటే ఇష్టమా?" అని అడగకండి, కాదని ఎవరంటారు. "ఇంతకుముందు ఏ కుక్కనైనా తిప్పేటప్పుడు ఏదైనా గడబిడ అయిందా, అప్పుడు ఏం చేశావు, ఓనర్‌కి ఎప్పుడు చెప్పావు?" అని అడగండి. అడిగి, ఊరుకుని వినండి. రోజూ నాలుగైదు కుక్కల్ని తిప్పే మనిషి "ఇప్పటిదాకా ఏమీ కాలేదండీ" అంటే నాకైతే భయం. అయింది గమనించకపోయి ఉండాలి, లేదంటే చెప్పే అలవాటు లేకపోయి ఉండాలి. "ఒకసారి మా బ్లాక్ బీగిల్ బెల్టులోంచి తల వెనక్కి లాక్కుని పరిగెత్తింది, సెక్యూరిటీ వాళ్లతో గేటు వేయించి, ఓనర్‌కి ఫోన్ చేసి, తర్వాత పట్టుకున్నాం" అని చెప్పినతను మీకు పనికొచ్చే మనిషి.

పాత ఓనర్లతో మాట్లాడినప్పుడు కూడా "బాగా చూస్తాడా?" అంటే "ఆ, బాగానే" అనేస్తారు, ఎవరి గొడవ వాళ్లది. "ఎందుకు మానిపించారు?" అని అడగండి, "తనంతట తాను ఎప్పుడైనా చెడ్డ కబురు చెప్పాడా?" అని అడగండి. ఇంకో మంచి సాక్షి మీ గేటే. మైగేట్ లాంటి యాప్ ఉన్న చోట రోజువారీ పనివాళ్లు ఎప్పుడు లోపలికొచ్చారో ఎప్పుడు బయటికెళ్లారో ఉంటుంది. ముప్పావుగంట వాకింగ్ అని డబ్బు తీసుకునేవాళ్లు లోపల ఎంతసేపు ఉంటున్నారో అక్కడే తేలిపోతుంది. వెటర్నరీ క్లినిక్‌లో డాక్టరు పక్కనుండే అసిస్టెంట్‌ని కూడా కదిలించండి. ఎవరి చేతిలో కుక్క ఒదిగి ఉంటుందో, ఎవరు గుంజుకుంటూ తెస్తారో రోజూ చూసేది ఆ మనిషే.

ఇక మీ ముగ్గురి విషయం.

నాలుగైదు కుక్కలతను లడ్డూకి వద్దు. అతను చెడ్డవాడని కాదు. మనిషికి ఉన్నవి రెండు చేతులు. నల్లగండ్ల, లింగంపల్లి వైపు సందు సందుకీ ఒక వీధికుక్కల గుంపు ఉంటుంది, ఆ సందు వాటిది, మన కుక్క గీత దాటగానే నాలుగూ కలిసి వస్తాయి. ఒక కుక్కతో ఉన్నవాడు పక్కకు తిరిగి, కుక్కని వెనక్కి పెట్టుకుని, మెల్లగా వెనక్కి నడవగలడు. ఐదు బెల్టులు పట్టుకున్నవాడికి అవి కాళ్లకు చుట్టుకుంటాయి. అందులో ఒకటి బైకు చప్పుడుకి బెదిరే కుక్కయితే మిగతా నాలుగు ఎంత బుద్ధిమంతులైనా లాభం లేదు. పైగా ఒక కుక్క ఒంటి మీది పిడుదులు ఐదిళ్లకూ చేరతాయి. డబ్బు తక్కువని ఒప్పుకోకండి. బాగా పరిచయమున్న రెండు కుక్కల్ని కలిపి తిప్పడం దాకా పర్వాలేదు, అదీ ఆ రెండో కుక్కని మీరు స్వయంగా చూశాక.

యాప్ వాళ్లతో లాభం లేకపోలేదు. రసీదు ఉంటుంది, మనిషి రాకపోతే ఇంకొకరు వస్తారు, ఫిర్యాదు చేయడానికి ఒక నంబరు ఉంటుంది. కానీ మ్యాపు మీద గీత చూపించేది ఫోన్ ఎక్కడెక్కడ తిరిగిందో, లడ్డూ ఎలా తిరిగాడో కాదు. వాళ్లని అడగాల్సినవి: రోజూ ఒకే మనిషి వస్తారా, లేక ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లా? పోలీస్ వెరిఫికేషన్ చేయించామంటున్నారు, ఆ కాగితం చూపిస్తారా? కుక్క తప్పిపోతేనో దెబ్బ తగిలితేనో వైద్యం ఖర్చు ఎవరిది, రాసిస్తారా? లడ్డూ లాంటి భయస్తుడికి వారానికో కొత్త మొహం అంటే వారానికోసారి మొదటి రోజే. అదే మనిషిని ఇస్తామని రాసిస్తేనే ఆలోచించండి.

నా మొగ్గు ఆ అమ్మాయి వైపే. బెల్టు ఎలా పట్టుకోవాలో నేర్పితే వస్తుంది, నిజం చెప్పడం మాత్రం నేర్పితే వచ్చేది కాదు. తన ఇల్లు మీ గేటు లోపలే, అమ్మానాన్నలు మీకు కనిపిస్తూనే ఉంటారు, ముందు వాళ్లతో కూడా ఒక మాట మాట్లాడండి. ప్రాణం అన్నంత మాత్రాన సరిపోదు కాబట్టి పరీక్ష పెట్టాల్సిందే. ఆ పరీక్ష మీ ఇంట్లో, సోఫా మీద కాదు, ఒక ఆదివారం పొద్దున మీరూ వెంట నడిచి.

ఆ నడకలో ఏం చూడాలో చెబుతాను. ఇంట్లోకి రాగానే వాడి మీదకి వంగి తల నిమరబోయిందా, లేక కాస్త పక్కకు తిరిగి కూర్చుని వాడే వచ్చి వాసన చూసేదాకా ఆగిందా? బెల్టు వేశాక మెడకీ దానికీ మధ్య రెండు వేళ్లు దూర్చి చూసిందా? తర్వాత లిఫ్ట్. అపార్ట్‌మెంట్లలో నేను అన్నిటికంటే భయపడేది లిఫ్టుకే. మనిషి ఫోన్ చూసుకుంటూ లోపలికెళ్తారు, కుక్క గుమ్మం బయట ఇంకా వాసన చూస్తూ ఉంటుంది, తలుపు మూసుకుంటుంది, బెల్టు ఒక కొస లోపల, ఇంకో కొస బయట కుక్క మెడకి, లిఫ్టు కదులుతుంది. ఆ తర్వాత జరిగేది ఊహించుకోవాల్సిన పని లేదు. అందుకని లిఫ్ట్ దగ్గర బెల్టు పొట్టిగా పట్టుకుని, కుక్కని తన పక్కనే, తనతో పాటే లోపలికి తీసుకెళ్లాలి, తలుపు పూర్తిగా మూసుకునేదాకా కన్ను దాని మీదే ఉండాలి. ఎవరైనా సరే, ఈ ఒక్కటీ మీ కళ్ల ముందు పది సార్లు చేయించండి. తర్వాత సెల్లార్ ర్యాంప్: పైకొచ్చే బండి కనపడదు, ముందు తను చూసి, ఆ తర్వాత కుక్కని దాటించాలి. రోడ్డు మీద బైకు వస్తుంటే బెల్టు బిగించి లాగిందా, లేక రోడ్డు వారకు జరిగి బైకుకీ లడ్డూకీ మధ్య తను నిలబడిందా? రెండోది తనంతట తాను చేస్తే ఇంకేమీ ఆలోచించకండి. చేయకపోతే చెప్పండి, చెప్పాక మరో బైకుకి ఏం చేస్తుందో చూడండి.

సామాను మీది మీరే కొనండి, వాళ్లు తెచ్చింది వాడనివ్వకండి. బెదిరిన కుక్క ముందుకు లాగదు, వెనక్కి నడుస్తూ తల లాక్కుంటుంది, మామూలు మెడ బెల్టు చెవుల మీదుగా జారిపోతుంది. లాగితే కాస్తే బిగుసుకుని ఆగిపోయే మార్టింగేల్ కాలర్ ఒకటి, ఛాతీకి వేసే హార్నెస్ ఒకటి, రెండూ వేసి రెండింటికీ లీష్, అంటే చేత్తో పట్టుకునే తాడు, తగిలించండి. బటన్ నొక్కితే సాగే సన్నతాడు లీష్ వద్దు, ఉక్కిరిబిక్కిరి చేసే గొలుసు అసలే వద్దు. మెడలో బిళ్ల మీద మీ ఇద్దరి ఫోన్ నంబర్లూ ఉండాలి. చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ వేయించకపోతే ఈసారి టీకాకి వెళ్లినప్పుడు వేయించండి. ఎయిర్‌ట్యాగ్ లాంటిది తగిలిస్తే మంచిదే కానీ దగ్గర్లో ఎవరిదో ఐఫోన్ ఉంటేనే అది ఎక్కడుందో తెలుస్తుంది, దాన్నే నమ్ముకోకండి. తగిలించినట్టు ఆ అమ్మాయికి చెప్పండి కూడా, దొంగచాటు నిఘా పెట్టి నిజాయితీ అడిగితే కుదరదు.

నిజాయితీ అంటే రెండు వైపులా అండీ. లడ్డూ ఎప్పుడైనా ఎవరి మీదికైనా గుర్రుమన్నాడా, డెలివరీ బాయ్ కాలు పట్టబోయాడా, పిల్లలు పరిగెత్తితే ఎగబడతాడా, అన్నీ ముందే చెప్పేయాలి. మంచివాడండీ ఏమీ చేయడు అని కప్పిపుచ్చి బెల్టు చేతికిస్తే అది ఆ అమ్మాయికి అన్యాయం. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం జంతువు ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లు దానివల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోవాలి. నిర్లక్ష్యం చేస్తే 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సమయంలో లడ్డూ ఉండేది తన చేతిలో. అందుకే రేబిస్ టీకా కార్డు, మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చిన కుక్క లైసెన్సు ఫోటో తీసి తనకి పంపండి. టీకా గడువు దాటి ఉంటే అది వేయించాకే ఎవరికైనా అప్పగించండి.

వీధికుక్క ఆ అమ్మాయిని కరిస్తే? ఈ మాట ఎవరూ మాట్లాడుకోరు, అందుకే నేను మాట్లాడుతున్నాను. పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు గాయం కడగాలి, కారం పసుపు పెట్టకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో టీకా వేస్తారు. కండకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు, రక్తం వచ్చిన గాయమైతే టీకా పనిచేయడం మొదలయ్యేదాకా కాపాడే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా అవసరమవుతుంది. ఆ ఖర్చూ, వెంట వెళ్లే బాధ్యతా మీవని మొదటి రోజే చెప్పండి. రోజూ వీధిలో కుక్కలతో తిరిగే పని కాబట్టి ముందస్తు టీకా గురించి కూడా డాక్టర్ని అడిగించండి. లడ్డూకే కాటు పడితే, టీకా ఉంది కదా అని ఊరుకోకుండా, వాడినీ అదే రోజు డాక్టరుకి చూపించాలి.

మొదటి చెడ్డ కబురు వచ్చినప్పుడు మీరు ఏం చేస్తారన్న దాని మీదే మిగతాదంతా నడుస్తుంది. "ఆంటీ, లడ్డూ ఏదో ఎముక మింగేశాడు" అని ఫోన్ వస్తే మీరు మీటింగ్‌లో ఉండి, టెన్షన్‌లో నాలుగు మాటలు అనేసి, నెలాఖరున డబ్బు కోసేస్తే, రెండో కబురు మీకు రాదు. కాబట్టి మొదటి రోజే, వీలైతే వాట్సాప్‌లో రాసి పెట్టండి: ఏం జరిగినా వెంటనే చెప్పు, చెప్పినందుకు రూపాయి కోయను, దాచినట్టు తెలిస్తే మాత్రం ఆ రోజుతో ఆపేస్తాను. చెప్పినట్టే నిలబడండి.

అలాగే పనిలో పని పెట్టకండి. "ఎలాగూ బయటికెళ్తున్నావు, వస్తూ వస్తూ పాల ప్యాకెట్ తెచ్చిపెట్టమ్మా" అని అత్తగారు అంటారు, పాపం ఆవిడకి అది చిన్న మాటే. కొట్లోకి కుక్కని రానివ్వరు. లడ్డూ బయట స్తంభానికే కట్టబడి ఉంటాడు, ఈసారి మన మాట మీదే. నెల జీతం ఒకటో తారీఖున ఇవ్వండి, నెలకు ఫలానా సెలవులని ముందే అనుకోండి, జ్వరం వచ్చినా వచ్చి తిప్పే పరిస్థితి పెట్టకండి.

ఇంకో సలహా, ఇది చాలామంది చేయరు. రెండు పూటలూ అప్పగించకండి. పొద్దున పూట మీరో మీవారో తిప్పండి, ఇరవై నిమిషాలైనా సరే. వాడి నడకలో కుంటు ఉందా, విరేచనం ఎలా ఉంది, ఒంట్లో నలత ఉందా అన్నది రోజుకోసారైనా మీ కళ్లతో చూడాలి. సాయంత్రం ఆ అమ్మాయి. ఏప్రిల్, మే నెలల్లో అయితే సాయంత్రం ఏడయ్యాక గానీ వద్దు. అరచేతి వెనక వైపు రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు లడ్డూ పాదాలకీ పనికిరాదు. నాలుక బాగా బయటపెట్టి ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, చిగుళ్లు ఎర్రగా కావడం, తూలడం కనిపిస్తే వడదెబ్బే. నీడకి తెచ్చి, మామూలు నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చేస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇది ఆ అమ్మాయికి నోటికి రావాలి. వినాయక నిమజ్జనం రోజుల్లో డప్పులు, దీపావళికి టపాసులు. ఆ వారాల్లో సాయంత్రం నడక మానేసి మధ్యాహ్నం ఎండ తగ్గగానే కాంప్లెక్స్ లోపలే తిప్పి తెచ్చేయమనండి. బెదిరిన కుక్క పారిపోయేది ఇలాంటప్పుడే.

తర్వాత రోజూ గమనించాల్సింది లడ్డూనే. ఆ అమ్మాయి వచ్చే వేళకి తలుపు దగ్గరికి వెళ్తున్నాడా, మంచం కిందకి దూరుతున్నాడా? బెల్టు చూడగానే తోక కాళ్ల మధ్యకి పోతోందా, మాటిమాటికీ పెదాలు నాక్కుంటున్నాడా? ఒకటి రెండు రోజులైతే వదిలేయండి, వారం పాటు అదే అయితే మాట్లాడాల్సిందే. వాన పడిన సాయంత్రం పాదాలు పొడిగా ఉంటే ఎంత దూరం నడిచాడో అడగండి. తిరిగొచ్చాక అత్తగారు కూర్చున్న చోటే వాడి చెవుల లోపల, కాలివేళ్ల మధ్య చూస్తే చాలు, పిడుదులు ముందుగా దొరికేవి అక్కడే. డాక్టరు చెప్పిన పిడుదుల మందు నెలనెలా తప్పించకండి. తిండి మానేసి, జ్వరంతో మూల పడుకుంటే పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అనుమానించి రక్తపరీక్ష చేయించండి, ముక్కులోంచి రక్తం వస్తే ఆ గంటలోనే వెళ్లండి. ఇందులో అత్తగారి పాత్ర చాలా పెద్దది. బెల్టు ఆవిడ చేతుల మీదుగానే ఇప్పించండి, బయల్దేరిన టైమూ వచ్చిన టైమూ ఆవిడనే చూసుకోమనండి. మోకాళ్లు సహకరించకపోయినా ఆవిడ కళ్లు చాలు.

తాళం ఇప్పుడే వద్దు. కనీసం మూడు నెలలు గడవనివ్వండి. ఈలోగా అత్తగారు ఊరెళ్తే మీ ఇద్దరిలో ఒకరు ఇంటికొచ్చాకే నడక, ఆలస్యమైతే కానివ్వండి. తర్వాత ఇవ్వాల్సి వచ్చినా, డిజిటల్ తాళం ఉంటే తనకంటూ వేరే కోడ్ పెట్టి, ఆవిడ తిరిగి రాగానే తీసేయండి. మామూలు తాళమైతే నేరుగా తన చేతికే ఇవ్వండి, వాచ్‌మన్ దగ్గరో షూ ర్యాక్‌లోనో పెట్టి వెళ్లడం మాత్రం వద్దు. బయటి మనిషిని పెట్టుకుంటే ఆధార్ కాపీ తీసుకోండి, తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లో పనివాళ్ల వివరాలు నమోదు చేసే వీలుంది, అది వాడుకోండి. నొచ్చుకుంటారేమో అని మొహమాటపడకండి, సరైన మనిషి దానికి నొచ్చుకోరు.

మీకు మిగిలేది ఇంజినీరింగ్ అమ్మాయితో ఎప్పుడూ ఉండే చిక్కే, సెమిస్టర్ పరీక్షలు. ఈ ఆదివారం నడక బాగా జరిగితే, మొదటి వారం మీరూ పక్కనే నడవండి, రెండో వారం పది అడుగులు వెనక, మూడో వారం తనొక్కతే కానీ కాంప్లెక్స్ గోడ లోపలే, ఆ తర్వాతే రోడ్డు మీదికి. పరీక్షల తేదీలు ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. ఆ రోజుల కోసం యాప్ వాళ్ల దగ్గర ఒకే మనిషిని మాట్లాడి, పరీక్షలు మొదలవడానికి ముందే రెండు మూడు సార్లు ఇంటికి పిలిచి, ఆ అమ్మాయి ఉండగానే లడ్డూకి పరిచయం చేయించండి. లిఫ్ట్ దగ్గర పది సార్లు అన్నది ఆ మనిషికీ వర్తిస్తుంది.